అక్క లాండ్రీ, నా మర్యాద

సోమవారం, ఉదయం 9
ఈ రోజు నుంచి కంప్యూటర్ మీద అరవను. ఒట్టు! కింద లాండ్రీ అక్కది, పైన గది నాది. నేను "చచ్చినదానా!" అని అరిస్తే, కింద చీర ఇవ్వడానికి వచ్చినావిడ అటునుంచి అటే వెళ్లిపోయిందట. "బేరాలు పోతున్నాయిరా" అంది అక్క. ఇక అంతా శాంతమే.

శుక్రవారం హోటల్ వాళ్ల యూనిఫారాలు వస్తాయి. అక్కకు ఇంత పెద్ద ఆర్డరు ఇదే మొదలు. బట్టలకు కట్టే ట్యాగుల ప్రోగ్రాం నేను రాసిందే. దానికి మెరుగులు దిద్దాలని, ప్రోగ్రాంలు రాయడానికి నేను వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాను. పాతది బాగానే ఉంది కదా అంది అక్క. తనకేం తెలుసు!

11:30
కొత్తదాంతో ప్రోగ్రాం తయారుచేసి అక్క కంప్యూటర్లో పెట్టాను. ట్యాగుల మీద పేర్లు రావట్లేదు. అన్నీ ఖాళీ. అరవలేదు! దిండు కొరికాను. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్టుకు ఎంతో మర్యాదగా మెయిలు రాశాను.

మంగళవారం
జవాబొచ్చింది: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెట్టండి." పెట్టాను. ఖాళీయే. మళ్లీ రాస్తే ఇంకెవరో జవాబిచ్చారు, స్క్రీన్ ఫొటో పంపమని. నిన్ననే పంపాను కదండీ! (ఆ ఆశ్చర్యార్థకం మెయిల్లో పెట్టలేదు. పెట్టి చెరిపాను.)

పాత వెర్షన్‌కు వెళ్లిపోతే ఒక్క పూటలో తేలిపోతుంది. కానీ అక్కకు మొహం ఎలా చూపించను?

బుధవారం
అక్క మెట్ల కింద నుంచి: "ట్యాగులేవిరా? డాక్టరుగారి కోటు డ్రైవర్ ఇంటికి పోయింది!"
నేను: "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాను అక్కా. ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెట్టండి."
నోట్లోంచి అలా వచ్చేసింది. అరవలేదు, అదే పదివేలు.

గురువారం, మధ్యాహ్నం
బల్ల మీద ఒక్క గుద్దు. గుద్దితే అరిచినట్టు కాదు.

సాయంత్రం
సపోర్టు మెయిలు: "మీ సమస్య తీరిందని భావించి ఫిర్యాదును మూసేస్తున్నాం. మా సేవకు ఎన్ని మార్కులు వేస్తారు?"

అంతలో అక్క పైకొచ్చింది. మోకాళ్ల నొప్పితో ఎప్పుడూ మెట్లెక్కదు. "రేపే హోటల్ బట్టలు. వేరేవాళ్లని చూసుకోమని చెప్పేయనా?" అంది.
"మీ ఓపికకు ధన్యవాదాలు. మీ సమస్య మా దృష్టిలో ఉంది" అన్నాను.
అక్క మంచం మీద కూలబడింది. "నువ్వు అరిచినా నయంరా. అరుచుకుంటూ కిందికి దిగేవాడివి, బాగుచేసి పోయేవాడివి. ఇప్పుడు ఉత్త మర్యాదే మిగిలింది" అంటూ కళ్లు తుడుచుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్క నన్ను అడిగిందేమిటి, నేను చేసిందేమిటి!

"దరిద్రపుదానా!" అన్నాను. అక్కను కాదు, కంప్యూటర్ని. అరుచుకుంటూ కొత్త వెర్షన్ పీకి పారేశాను. ఇంకా గట్టిగా అరుచుకుంటూ పాతది వేసి, ప్రోగ్రాం మళ్లీ తయారుచేశాను. చీకటి పడేలోపు ట్యాగు మీద పేరొచ్చింది. ఈలోగా కింద ఎవరో చొక్కా తీసుకోకుండానే పారిపోయారట. అక్క ఆ చొక్కాకే మొదటి ట్యాగు కట్టింది.

శనివారం
హోటల్ బట్టలు ఒక్కటీ తారుమారు కాలేదు. వచ్చే వారం కూడా పంపుతారట!

ఈ రోజు నుంచి మళ్లీ అరవను. ఈసారి నిజం. వెళ్లి అక్కకు చెప్పాను.
ఇస్త్రీ ఆపకుండానే "సరే, కంప్యూటర్ని ఏమీ అనకు" అంది. "నాతో మాత్రం ఇంకోసారి మర్యాదగా మాట్లాడావో, ఊరుకోను."