చిజురు ఆపరేషన్ కాగితం

సెందాయి,
9 నవంబరు 1986

చిజురు నాన్నగారికి,

ఇక్కడ మేం ముగ్గురం బతికే ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ ఓడ కేప్‌టౌన్ రేవు చేరేసరికి ఈ ఉత్తరం అక్కడ ఉంటుంది. కూర్చుని చదవండి.

చిజురుకి ఎర్ర బూట్లు సరిపోయాయా అని కిందటి ఉత్తరంలో అడిగారు. సరిపోయాయి. ఈత ఎందుకు మాన్పించావనీ అడిగారు. బడి మెట్లెక్కి ఛాతీ పట్టుకుని కూలబడిన పిల్లని నీళ్ళలోకి ఎలా దింపమంటారు?

ఏడాది పిల్లప్పుడు తొమ్మిది రోజులు జ్వరం. కళ్ళు ఎర్రబడి, వేళ్ళ చివర తోలు ఊడింది. కవాసాకి జబ్బన్నారు. గుండె మీది రక్తనాళం బుడగలా ఉబ్బింది, ఏటా పరీక్ష చేయించమన్నారు. నిరుడు మీరు సెలవుకొచ్చి ఏమన్నారు? "కుందేలులా గెంతుతోంది, దీనికేం జబ్బు? వేన్నీళ్ళ ఊటలకు పోదాం పద." పరీక్ష మానేసి పోయాం. నోరు మూసుకుని వెంట నడిచినందుకు నా మీద నాకూ అంతే కోపం.

ఈసారి డాక్టరు ఓహిరా గారు తేల్చి చెప్పారు. "ఉబ్బిన చోటే నాళం పూడుకుపోతోందమ్మా. ఛాతీ లోపలి నాళాన్ని మళ్ళించి గుండెకు కలపాలి. ఆలస్యమైతే ఆడుకుంటూనే పడిపోవచ్చు."

మీ అమ్మగారేమో, "ఆడపిల్ల ఛాతీ మీద కోత పెట్టిస్తావుటే? వాడొచ్చేదాకా ఆగలేవూ!" అన్నారు. ఓడకు వైర్‌లెస్‌లో కబురు పెడితే మీ జవాబు: "మార్చిలో వస్తా. ఆగు."

మార్చి! మీ ట్యూనా చేపలకు మంచుగది ఉంది, అవి ఆగుతాయి. పిల్ల గుండె ఆగదండీ.

ఇక దాచను. సొరుగులోంచి మీ సంతకం ముద్ర తీశాను. ఆపరేషన్ కాగితం మీద తండ్రి పేరు దగ్గర నేనే గుద్దాను. "వాడికేం చెప్తావే?" అని మీ అమ్మగారు అరిచారు. "చెప్పేదేదో నేనే రాస్తాను" అన్నాను.

మంగళవారం ఆపరేషన్ చేశారు. ఆరు గంటలు పట్టింది. మీ అమ్మగారు నా పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నం ముద్ద ఒకటి నా చేతిలో పెట్టారు. కొత్త దారిలో రక్తం బాగా పారుతోందట.

నిన్న చిజురు గొంతు పెగిలింది. "నాన్న సరేనన్నాడా?"

"అన్నారు. ముద్ర ఆయనే వేశారు" అన్నాను.

మీరొచ్చాక దాని ముందు కాదనకండి. నా మీద అరవాలనుంటే ఇక్కడి రేవులోనే అరిచేసి, ఆ తర్వాత ఇంటికి రండి.

ఇట్లు,
కోపం ఇంకా దిగని మీ ఇల్లాలు,
కియోయె