తాత పేరు దగ్గర ఖాళీ

గల్ఫ్‌లోని హమ్రియా, శుక్రవారం.

ఊరి నుంచి తమ్ముడు పాత జనాభా లెక్కల పేజీ ఫొటో పంపాడు. తాత ఆ ఊరివాడేనని సోమవారంలోగా ఆఫీసులో చూపకపోతే అమ్మ ఉంటున్న ఇంటి జాగ పోతుంది. పాత పంచాయతీ కాగితాల్లోనూ తాత పేరు దొరకలేదు. ఇదే చివరి ఆశ. పేజీలో మా ఇంటి నంబరుంది, నాయనమ్మ పేరుంది. ఆమె భర్త పేరు దగ్గర ఖాళీ.

"తాత బాయికాడికి పోయిన యాల లెక్కలోల్లు వచ్చిన్రేమో అక్కా. మొగని పేరు ముసల్ది నోట పలుకుతదా? సిగ్గుతోని లోపలికి ఉరికుంటది," అన్నాడు ఫోన్లో ఏడుపు గొంతుతో.

నాయనమ్మను తిట్టుకుంటూ ఏడ్చాను. సోమవారం అమ్మ ఏం చూపిస్తుంది? మొన్న ఆసుపత్రి కౌంటర్లో భర్త పేరు అడిగితే, నేనూ ఆయన కార్డు ముందుకు తోశానే తప్ప నోరు విప్పలేదు.

ఇక్కడైనా రాస్తాను. నా భర్త పేరు రాజేశం.

పైకి చదివితే, పేరు వచ్చేచోట 'మా ఆయన' అనే చదివాను.