పూజగది కుళాయి

శుక్రవారం

ఇంటి మొత్తానికీ నీళ్ల ఫిల్టరు ఈరోజు బిగించారు. బోరునీళ్ల ఉప్పుకు చెల్లెలు వసంత ఒళ్లు పగిలి నెత్తురు వస్తుంటే ఇంక ఆగలేకపోయాను. పూజగది దగ్గరకొచ్చేసరికి తమ్ముడు ప్లంబరును ఆపాడు.

"ఈ కుళాయికి వద్దప్పా. మిషన్లో పడొచ్చిన నీళ్లు మడికి యాడ పనికొస్తాయి?"

"బోరుకుండే మోటారు మిషన్ కాదేమిరా?" అన్నాను.

"నువ్వే ఇట్లంటే ఎట్లక్కా? నాయన ఉండింటే ఒప్పుకునేవాడా?"

ప్రతి శుక్రవారం స్వామి విగ్రహం మీద బోరునీళ్లకు పట్టే తెల్లపొరను చింతపండుతో రుద్దేది నేను. ఆ కుళాయినీ ఫిల్టరుకే కలపమని ప్లంబరుకు చెప్పాను. మొదటి చెంబు నీళ్లతో అభిషేకం చేసి, తీర్థం వసంతకు ఇచ్చాను. తమ్ముడు చేయి చాచలేదు.

అపచారమైతే ఆ పాపం నాదే. రేపూ ఆ నీళ్లే పోస్తాను.