తలూపి వెళ్ళినవాళ్ళు

మంగళవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. ఇవాళ ఓపీలోకి ముసలావిడ మరియమ్మ మళ్ళీ వచ్చింది. బాత్రూంలో తూలి పడిందట, మోచేయి వాచిపోయింది. చూస్తే బీపీ మరీ తక్కువగా ఉంది.

“రాత్రి వేసుకునే బీపీ మాత్ర మానేయమని పోయినసారి చెప్పాను కదా, మానేశారా?” అన్నాను. ఎప్పటిలాగే నవ్వుతూ తలూపింది. సంచీలో చూస్తే ఆ మాత్రల అట్ట సగం ఖాళీ.

అనుమానం వచ్చి, గడగడలాడే ఫ్యాన్ ఆపించి, కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకున్నాను. “నా మాట వినపడుతోందా అమ్మా?” అని చెవి దగ్గర అడిగాను.

“ఈ గోలలో ఒక్క ముక్క వినపడదండి డాక్టరమ్మా. మళ్ళీ అడిగితే విసుక్కుంటారేమోనని తలూపుతున్నానండి.”

ఆవిడ మీద నేనెప్పుడూ విసుక్కోలేదు. నా మొహం అలా కనిపించిందేమో! నెమ్మదిగా మళ్ళీ చెప్పి, ఆవిడ చేత తిరిగి చెప్పించుకున్నాను. ఈసారి అన్నీ సరిగ్గా చెప్పింది.

అప్పటికే తలుపు దగ్గర తోపులాట. “ఒక్కళ్ళకే ఇంతసేపా అండీ?” అని ఎవరో అరిచారు. తర్వాత వేదాద్రి నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. గుండెకి కొత్త మందు రాసి, ఎలా వాడాలో గబగబా చెప్పేశాను. “సరేనండి” అని తలూపి లేచాడు. నేనూ పోనిచ్చాను.

పెద్దవాళ్ళని వెనక గదిలో విడిగా చూస్తానని రేపు సూపరింటెండెంట్ గారిని అడగాలి. ఒప్పుకుంటారో లేదో. ఆ పెద్దాయనకి ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ఈపాటికి మందు వేసుకునే ఉంటాడు. ఎన్ని వేసుకున్నాడో...