శీనుకు నయమైంది

గురువారం, రాత్రి

దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కే శీను గంజాయికి మతి చెదిరి సొంత అన్నను సుత్తితో కొట్టి చంపాడు. కోర్టు విచారణ ఆపి, వాణ్ణి మా మానసిక ఆసుపత్రి ఖైదీల వార్డుకు పంపింది. ఏడాది పాటు మందులిచ్చి, గంజాయి మాన్పించాను. ఇప్పుడు తేరుకున్నాడు. వాణ్ణి విచారణకు పంపవచ్చో లేదో రేపటికల్లా నేను కోర్టుకు రాసివ్వాలి. నయమైందంటే వాణ్ణి ఇక్కణ్ణించి జైలుకు మారుస్తారు.

సాయంత్రం వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నయమైందని రాయమాకండి సార్. జైల్లో గంజాయి దొరికిద్ది. కళ్ళ ముందుంటే ఆగలేను."

"అబద్ధం ఎట్టా రాసేదిరా?"

"మళ్ళీ ఎవుర్నన్నా కొడతానేమో సార్."

నయమైందనే రాశాను. జైల్లోనూ వైద్యం ఆపవద్దని కింద చేర్చాను. ఆ వాక్యం ఎవరైనా చదువుతారో లేదో తెలియదు. పొద్దున్నే ఈ మాట వాడికి నేనే చెప్పాలి. ఏ మొహంతో చెప్పను...