ఎర్ర తెడ్డు ఎవరిది

1951 అక్టోబర్ 9

పాస్కోను ఇవాళ పూడ్చాం. వాన పడలేదు. చర్చి నుంచి జనమంతా తిన్నగా మా పబ్బు ఎర్ర తెడ్డుకే వచ్చారు. మొగుణ్ణి పూడ్చిన రోజున బార్ వెనక నిలబడితే ఏం బాగుంటుంది వెన్నా అంది పాస్టరు గారి భార్య. నేను నిలబడకపోతే వీళ్లకు ఎవరు పోస్తారు అన్నాను. పోశాను. పాస్కో ఊపిరితిత్తులు చెడినప్పటి నుంచీ, అంటే ఆరేళ్లుగా, పోస్తున్నది నేనే.

హెడ్లీ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాస్కో తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, పడవే అతని సంసారం. తోడుగా నిలబడ్డాడనుకున్నాను.

అక్టోబర్ 10

తోడుగా కాదు.

అక్టోబర్ 13

పొద్దున్నే హెడ్లీ వచ్చాడు. టీ ఇచ్చాను. వదినా, నీ మీద నాకేం కోపం లేదు అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టినవాడు మంచిమాట చెప్పగా నేను చూడలేదు. ఎర్ర తెడ్డు మా తాత నడిపాడు, మా నాన్న నడిపాడు, అన్న నడిపాడు, ఇక వంతు నాది. నువ్వు పైగదిలోనే ఉండు, వంట చూసుకో, నిన్నెవరు పొమ్మన్నారు అన్నాడు.

పబ్బు మీదీ కాదు, నాదీ కాదు, బీరు చేసే బ్రూవరీ కంపెనీది, వాళ్లనడుగు అన్నాను. అడిగేశాను అన్నాడు. టీ పూర్తిగా తాగి మరీ వెళ్లాడు.

అక్టోబర్ 18

బ్రూవరీ నుంచి పెండర్ గారు వచ్చారు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, గొంతులో తేనె పోసుకుని మాట్లాడే మనిషి. ఆడవాళ్లు పబ్బు నడపకూడదని మేమనడం లేదు మిసెస్ ట్రిగేర్, కార్న్‌వాల్‌లో మాకు ఎందరో ఉన్నారు. కానీ ఇది హార్బర్ పబ్బు, వచ్చేవాళ్లు మొరటువాళ్లు, పైగా ఇక్కడ లైసెన్స్ ఎప్పుడూ ఆడపేరు మీద లేదు అన్నారు. జనవరి దాకా తాత్కాలికంగా నన్నే నడపమన్నారు. ఈలోగా గొడవలేమీ జరక్కపోతే అప్పుడు చూద్దామట.

గొడవలు జరగని హార్బర్ పబ్బు ఎక్కడుందో ఆయన్నే అడగాల్సింది.

అక్టోబర్ 21

ఆడపేరు లేదన్న మాట ఎఫ్రాయిం తాతకు చెప్పాను. ఆయన మంట పక్క కుర్చీలో నా పెళ్లికి ముందు నుంచీ కూర్చుంటున్నాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత పబ్బు పుట్టుకంతా చెప్పుకొచ్చాడు. కొంత నాకు తెలుసు, కొంత తెలియదు.

మొదట కట్టినవాడు శాంసన్ రోజ్‌వియర్. రాళ్లకు కొట్టుకుని విరిగిన ఓడ కలపతో కట్టాడు. గోడ మీది ఎర్ర తెడ్డు ఆ ఓడదే. ఆ ఓడను దీపం చూపించి అతనే రాళ్ల మీదికి రప్పించాడని అంటారు కదా అన్నాను. అంత తెలివి వాడి వంశంలోనే లేదు పిల్లా అన్నాడు తాత.

తర్వాత వచ్చినవాడు అబ్సలోం. రమ్ములో నీళ్లు కలిపేవాడు. జాలర్లు ఒకరోజు అతన్ని పీతల బుట్టలో కూర్చోబెట్టి రేవుగోడ మీంచి సముద్రంలోకి దించారు. పైకి తీసి, ఎంత నీరు కలిస్తే చాలో ఇప్పుడు తెలిసిందా అని అడిగారట. మర్నాటి నుంచి రమ్ము రమ్ములాగే ఉందట.

తర్వాత జాన్ కీస్ట్. వాడు చేపల వేటకు వెళ్లి మునిగిపోయాడు. పెళ్లాం కెజయా ఆ సంగతి బ్రూవరీకి చెప్పలేదు. బ్రూవరీ మనిషి ఎప్పుడొచ్చినా, అయ్యో బాబూ, ఇప్పుడే పడవెక్కాడు, సాయంత్రానికి వస్తాడు అనేది. అలా ఏళ్ల తరబడి. ఊరందరికీ తెలుసు. ఒక్కడు నోరు విప్పలేదు, పాస్టరుతో సహా. చివరికి కెజయా చచ్చిపోతే, జాన్‌ను ఓదార్చడానికి బ్రూవరీవాళ్లు పూలు పట్టుకుని వచ్చారట. ఆ తర్వాతే పబ్బు పాస్కో తాత చేతికి వచ్చింది.

ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. అంత గట్టిగా నవ్వడం పాస్కో పోయాక అదే మొదలు. మరి నా విషయంలో మీరెవరూ నోరెత్తరేం తాతా అన్నాను. కెజయా చేసింది పని, నువ్వడిగేది పేరు పిల్లా, పని ఇవ్వడానికి మగాడికి ఏడుపు రాదు అన్నాడు.

నవంబర్ 12

హెడ్లీ సముద్రంలో వేసిన పీతల బుట్టలు సగం పోయాయి. బ్రెటన్ పడవలవాళ్లే తాళ్లు కోసేశారని అందరికీ చెబుతున్నాడు. ఈ సీజనంతా ఫ్రాన్స్ నుంచి వచ్చి మన ఇంగ్లండు తీరం ముందరే వేట చేస్తున్నారు. నిజమే కావచ్చు. మనవాళ్లు వాళ్లవి కొయ్యలేదా?

నవంబర్ 25

పొద్దున్నుంచీ పెనుగాలి. బ్రెటన్ పడవలన్నీ తల దాచుకోవడానికి మన హార్బర్‌లోకే వచ్చాయి. మధ్యాహ్నానికి వాళ్లంతా నీళ్లోడుతూ పబ్బు గుమ్మం ముందు నిలబడ్డారు. హెడ్లీ తలుపుకు అడ్డంగా నిలబడి, వదినా, ఒక్కడికి పోశావంటే మన ఊరి మగాడొక్కడూ ఇక నీ గడప తొక్కడు అన్నాడు.

తలుపు తెరిచి పెట్టడం వల్ల వేడంతా పోతోంది, లోపలికి రండి అన్నాను. అందరితోనూ అన్నాను.

ముందు వచ్చినవాడు కొరెంతిన్ అనే ముసలి నావికుడు, వాళ్లలో పెద్ద. టోపీ తీసి, వేళ్లతో లెక్క చూపించాడు. పోశాను. మనవాళ్ల వైపు చూశాను. ఒక్కడు లేవలేదు. బయట గాలి అలా ఉంది మరి.

నవంబర్ 26

గాలి తగ్గలేదు. సాయంత్రం హెడ్లీ కొరెంతిన్ ముందు నిలబడి, నా బుట్టలేవిరా అన్నాడు. ఆయనకు భాష రాదు. నవ్వి గ్లాసెత్తాడు. హెడ్లీ కాలరు పట్టుకున్నాడు. కుర్చీలు లేచాయి.

పబ్బు మూసేటప్పటిలా బీరు పంపుల మీద తువ్వాళ్లు కప్పేశాను. అందరూ కూర్చునేదాకా చుక్క పడదు అన్నాను. బ్రెటన్లకు మాటతో పని లేకపోయింది, తువ్వాలు చూసి వాళ్లే ముందు కూర్చున్నారు. మనవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. హెడ్లీ ఒక్కడే నిలబడి, నువ్వేం మా అమ్మవు కావు అన్నాడు. మీ అమ్మే ఉంటే తువ్వాలు కాదు, సీసా అందుకునేది అన్నాను. అతని పడవవాళ్లే పగలబడి నవ్వారు. ఎర్రగా మొహం పెట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు.

గొడవ జరగనే జరిగింది, పెండర్ గారి జనవరి ఇక లేనట్టే అనుకున్నాను.

నవంబర్ 27

చేతులు మండుతున్నాయి. అయినా రాస్తాను.

మధ్యాహ్నం కొరెంతిన్ పడవ లంగరు తెంపుకుంది. కాపలా ఉన్న ఇద్దరితో సహా కొట్టుకుపోయి, రేవుగోడ చివరనున్న రాళ్ల మీద కూర్చుంది. ఆ ఇద్దరిలో ఒకడు కొరెంతిన్ కొడుకు. లైఫ్‌బోట్ పక్క ఊరి నుంచి రావాలి, అది వచ్చేసరికి పడవ ముక్కలైపోతుంది. అందరం పరుగెత్తాం. అందరూ అరుస్తున్నారు, ఎవరికీ ఏం చేయాలో తెలియడం లేదు.

హెడ్లీ అరవలేదు. పీపాలు దించే తాడు కోసం మా సెల్లార్‌లోకి పోయాడు. నన్ను తోసుకుంటూ బయటికి వచ్చి, ఒక కొస నడుముకు కట్టుకుని, రెండో కొస బ్రెటన్ల చేతిలోనే పడేశాడు. ఆ రాళ్లు అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియవు. అల వెనక్కి పోయినప్పుడు పరుగు, వచ్చినప్పుడు రాతిని కరుచుకోవడం. రెండుసార్లు కనబడకుండా పోయాడు. తాడు నేనూ పట్టుకున్నాను. నా వెనక ఎవడో తన భాషలో ప్రార్థన చేస్తున్నాడు.

పడవ దగ్గరికి చేరి, నడుము తాడు విప్పి, రాతికి చుట్టి, కొస పడవకు కట్టాడు. ఇద్దరూ తాడు పట్టుకుని ఒడ్డుకు వచ్చేశారు. రెండోవాడు గోడ ఎక్కుతుండగా పడవ పక్కకు ఒరిగింది. తాడు బిగుసుకుంది. తాడుకీ రాతికీ మధ్య హెడ్లీ కుడిచెయ్యి ఉంది.

హెడ్లీని మోసుకొచ్చి, డాక్టరు వచ్చేదాకా బార్ బల్ల మీదే పడుకోబెట్టాం. కొరెంతిన్ మోకాళ్ల మీద కూర్చుని, హెడ్లీ ఎడమచెయ్యి పట్టుకుని ఏడుస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. హెడ్లీ కళ్లు తెరిచి, వదినా, ఆ చెయ్యి వదలమని చెప్పు, మిగిలింది అదొక్కటే అన్నాడు.

డిసెంబర్ 4

కుడిచేతికి మూడు వేళ్లు తీసేశారు. ఇక వేట లేదు.

డిసెంబర్ 6

హెడ్లీ బుట్టల తాళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కత్తితో కోసినవే. ఆసుపత్రిలో చెప్పాను. తెలుసు అన్నాడు. మరి వాళ్ల కోసం ఎందుకు వెళ్లావు అని అడగబోయి, దుప్పటి సర్ది వచ్చేశాను.

డిసెంబర్ 19

పెండర్ గారు వచ్చారు. లైసెన్స్ మీకే అన్నారు. గొడవ సంగతి తెలియదా అన్నాను. తెలుసట, తువ్వాళ్ల సంగతి కూడా తెలుసట, బాగుందట. అందుకే ఇస్తున్నారా అని అడిగాను. కాసేపు టోపీ తిప్పి, నిజం చెప్పాలంటే ఆ చేత్తో మిస్టర్ ట్రిగేర్ పీపాలు ఎత్తలేరు కదా అన్నారు.

నేను మాత్రం ఎప్పుడు ఎత్తానండీ, దొర్లిస్తాను అన్నాను. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆయన నోరు తెరుచుకుని చూశారు.

డిసెంబర్ 20

హెడ్లీ ఇంటికి వెళ్లాను. పక్కింటావిడ అతనికి సూప్ తాగిస్తోంది, పసిపిల్లాడికి తాగించినట్టు. ఊరంతా అతనితో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆవిడ వెళ్లాక పెండర్ మాట చెప్పాను. గెలిచావుగా అన్నాడు. నేను గెలవలేదు, నువ్వు ఓడావు, రెండూ ఒకటి కాదు, కావాలంటే నీకే ఇమ్మంటాను అన్నాను.

సూప్ గిన్నె పక్కకు జరిపాడు. తర్వాత, మా తాత, మా నాన్న అన్నదంతా ఉత్తి సాకే వదినా, చిన్నప్పటి నుంచీ తడిబట్టల్లోనే బతికాను, అన్న మంట పక్కన ఉండేవాడు, నాకూ కొన్నాళ్లు వెచ్చగా ఉండాలనిపించింది, అంతే అన్నాడు.

బార్‌లో పనికి రా, వెచ్చగానే ఉంటుంది అన్నాను. నీ కింద పనిచెయ్యనా అన్నాడు. పీపాలు దొర్లించడానికి కిందా పైనా ఏముంది అన్నాను.

జనవరి 7, 1952

పెండర్ గారికి సరే అన్నాను. ఇవాళ లైసెన్స్ కోసం కోర్టు. ఎఫ్రాయిం తాత చర్చి కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరికైనా అభ్యంతరమా అని మేజిస్ట్రేట్ అడిగితే హెడ్లీ లేచాడు. ఉండేదండీ, ఇప్పుడు లేదు, కానీ ఆవిడ నోరు మంచిది కాదు, అది మాత్రం రాసుకోండి అన్నాడు. మేజిస్ట్రేట్ కూడా నవ్వాడు.

ఎర్ర తెడ్డు, లైసెన్స్ వెన్నా ట్రిగేర్ పేరు మీద.

జనవరి 16

హెడ్లీ ఎడమచేత్తో గ్లాసులు కడుగుతున్నాడు. ఒకటి పగిలింది. ఊరుకున్నాను. ఇంకొకటి పగిలింది. ఊరుకున్నాను. మూడోది పగలగానే, నీ కళ్లేమైనా ఆసుపత్రిలో వదిలేసి వచ్చావా అని అరిచాను. బార్ అంతా బిగుసుకుపోయి నా వైపు చూసింది.

హమ్మయ్య, ఇన్నాళ్లకు ఒకళ్లు తిట్టారు అన్నాడు, ఇంకో గ్లాసు అందుకుంటూ.