పాలగిన్నె మీది బోర్డు

ఆరోగ్య అధికారి గారికి నమస్కారాలు.

నా టీ కొట్టుకు ‘పొగ తాగరాదు’ బోర్డు ఇంకొకటి పంపగలరు. మీరు బిగించినదాన్ని ఆరోజే పీకి పాలగిన్నె మీద మూతగా పెట్టాను. ఆవిరికి అక్షరాలు ఊడిపోయాయి.

కొట్టు నాది, పొగ గిట్టనివాళ్లు పక్క కొట్టుకు పోవచ్చని ఆవేళ మీ మీద ఇంతెత్తున లేచాను. ఎదిగినవాడు తన ఒళ్లు గుల్ల చేసుకుంటే అది వాడిష్టమని ఇప్పటికీ అంటాను. కానీ నిన్న డాక్టరు మా ఆవిడ ఎక్స్‌రే చూసి, "సిగరెట్లు ఎన్నేళ్లుగా తాగుతున్నారమ్మా?" అని అడిగాడు. పదహారేళ్లుగా నా కొట్టులో గ్లాసులు కడగడం తప్ప ఆవిడ చేసిందేమీ లేదు.

బయటికొచ్చాక, "పొగ పడటం లేదని ఒక్కమాటైనా చెప్పలేదేం?" అన్నాను.

"గిట్టనివాళ్లను పక్క కొట్టుకు పొమ్మన్నారుగా. నేనెక్కడికి పోను?" అంది.

ఈసారి మేకులు నేనే కొడతాను.

ఇట్లు,
టీ కొట్టువాడు